కుట్టు ఊడిన బంతి



ఎండాకాలము వచ్చినదని మీ మీ ఊళ్ళలో ఎట్లా తెలుస్తుందో గాని, మా ఎనుమాములలో మాత్రము తుమ్ములతో తెలుస్తుంది. నర్సంపేట, పరకాల, ములుగు, భూపాలపల్లి, మహబూబాబాదు వైపుల నుండి మిర్చి బస్తాలు మా వ్యవసాయ మార్కెట్‌కు చేరే కాలమది. ఆసియాలోని పెద్ద మార్కెట్లలో ఇదొకటని వరంగల్లువారు గర్వముగా చెప్పుకుంటారు. తేజ అని, వండర్‌హాట్ అని, చపాటా అని రకరకాల కాయలు వస్తాయి. కారము తక్కువ, రంగు ఎక్కువ ఉండే వరంగల్ చపాటా మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు కూడ వచ్చింది. ఉదయము జెండా పాట అయి, హమాలీలు బస్తాలు కదిలించేసరికి గాలి మా వీధి వైపు తిరిగినదంటే ఇంటిల్లిపాదిమీ తుమ్ముతాము. వారము మధ్యలో జరిగే ప్రార్థన కూడికలో వాక్యము చెబుతుండగా తుమ్ము వచ్చినా సంఘములో ఎవరూ నవ్వరు. అందరిదీ అదే అనుభవము.

తుమ్ముల వెనుకనే చుట్టాలు వస్తారు. మార్కెట్‌కు దగ్గరగా ఇల్లున్న మాబోటి వారి గృహము ఏప్రిల్ నెలలో సత్రము వంటిది. సరుకు తెచ్చిన బంధువు ధర నచ్చక ఒక రాత్రి ఆగుతాడు. ఎం.జి.ఎం. ఆసుపత్రిలో చూపించుకోవడానికి వచ్చిన పెద్దమ్మ రెండు రోజులుంటుంది. ఏప్రిల్ చివరి వారములో బడులు మూసేసరికి పిల్లలు సంచులతో దిగుతారు. ఉన్నవి రెండు గదులు, ఒక డాబా. పొద్దుగూకినాక డాబా మీద నీళ్ళు చల్లి, చాపలు పరిస్తే పదిమంది పడుకుంటారు. మా ఇల్లాలు బియ్యము కొలిచే గిన్నె మార్చదు, పచ్చిపులుసులో నీళ్ళు మాత్రము పెంచుతుంది. మామిడికాయ తొక్కు, మజ్జిగ ఉంటే చాలు, ఎవరూ ఆకలితో లేచినది లేదు. సేవకుని ఇంటి గిన్నెను దేవుడు ఎట్లా చూసుకుంటాడో మాకంటె మా ఇల్లాలికి బాగా తెలుసు.

మూడవ గుర్తు బంతి. మధ్యాహ్నమంతా చింతచెట్టు కింద అచ్చనగాయలు, అష్టాచెమ్మ ఆడిన పిల్లలు సాయంత్రము అయిదు కాగానే కోసిన వరిమడిలోకి పరుగెత్తుతారు. మన పల్లెలలో క్రికెట్టే ఎక్కువ. కాని చుట్టాల పిల్లలు పదిమంది పోగైన ఇంట్లో క్రికెట్ కుదరదు. ఒకడు బ్యాటు పట్టుకుంటే తొమ్మిదిమంది ఎదురు చూడాలి. ఫుట్‌బాల్ అట్లా కాదు. ఒక్క బంతి ఉంటే అందరూ ఒకేసారి ఆడవచ్చు. అందుచేత మా ఇంట్లో ఎండాకాలము ఆట ఫుట్‌బాలే అయింది. ఆ బంతి వలన మా ఇంట్లో జరిగిన ఒక సంగతిని ఈ నెల మీ ముందు పెడుతున్నాము. మన సంఘములలో ఇటువంటి కుటుంబములు చాలా ఉన్నవి. వారికి ఇది ఉపయోగపడగలదని మా ఆశ. సంబంధించిన వారి అనుమతి తీసుకొనియే వ్రాస్తున్నాము.

మా ఇల్లాలికి ఒక అన్న, ఒక తమ్ముడు. నర్సంపేట వైపు పల్లె వారిది. మా మామగారు తోలు పని చేసిన మనిషి. మోటబావుల కాలములో మోట బొక్కెనలు కుట్టేవారు. ఊరందరికీ చెప్పులు కుట్టేవారు. కరెంటు మోటార్లు వచ్చి మోటలు పోయినవి. ప్లాస్టిక్ చెప్పులు వచ్చి చెప్పుల పని పోయింది. తరువాత కూలి చేసి, కౌలు చేసి, నాలుగెకరాలు సంపాదించి, కొడుకులిద్దరికీ చెరి రెండెకరాలు పంచి ఇచ్చారు. పొలములోని ఒక్క బోరు పెద్దకొడుకు వాటాలో పడింది. నీళ్ళు మాత్రము ఇద్దరూ వంతుల వారీగా వాడుకోవాలని పెద్దమనుషుల ముందు మాట అయింది.

రెండేండ్లు ఆ మాట నిలిచింది. మూడవ ఏట వానలు తక్కువై బోరు తగ్గింది. ఇద్దరి మిర్చి తోటలకూ చివరి తడి కావాలి. నీళ్ళు ఒక్క తోటకే సరిపోయేటట్టు ఉన్నవి. “ముందు నా తోట పారనీ” అని అన్న. “మాటిచ్చినవు గదనే” అని తమ్ముడు. అన్న తోట తడిసింది, తమ్ముని తోట వాడిపోయింది. తమ్ముడు వడ్డీకి అప్పు తెచ్చి తన వాటాలో బోరు వేయించాడు, పడలేదు. పట్టుదలతో మరొకటి వేయించాడు, అదీ పడలేదు. బోరు పడకపోతే ఆ ఇంట్లో ఎంత చీకటి పడుతుందో పల్లెలో ఉన్న పాఠకులకు మేము చెప్పనక్కరలేదు. ఆనాటి నుండి అన్నదమ్ములకు మాటలు లేవు. పక్క పక్క గట్ల మీద నాలుగేండ్లు ఒకరి ముఖము ఒకరు చూడకుండ నడిచారు. మా ఇంటికి ఇద్దరూ వచ్చేవారు, కాని వేరు వేరు రోజులలో. అన్న ఉన్నప్పుడు తమ్ముడు రాకుండ చూసుకొనే పని మా ఇల్లాలిది.

కొన్నేండ్ల క్రితము ఏప్రిల్ చివరలో ఆ ఏర్పాటు తప్పిపోయింది. గురువారము మా పెద్ద బావ మిర్చి తెచ్చాడు. తాలుకాయ ఎక్కువున్నదని ఖరీదుదారులు ధర తగ్గించారు. శని, ఆదివారములు మార్కెట్‌కు సెలవు. సోమవారము దాకా చూద్దామని అతడు మా ఇంట్లోనే ఆగాడు. పదవ తరగతి పరీక్షలు రాసిన కొడుకు అతని వెంట ఉన్నాడు. శుక్రవారము మధ్యాహ్నము చెప్పకుండానే మా చిన్న బామ్మర్ది దిగాడు. మామగారి కంటిలో శుక్లము ముదిరింది, చూపించాలి. డాక్టరు సోమవారము రమ్మన్నారు. అతని వెంట ఎనిమిదవ తరగతి చదివే కొడుకు. గడపలో అన్నను చూసి తమ్ముడు ఆగిపోయాడు. మా ఇల్లాలు ఇద్దరి మధ్య నుండి నడిచి వెళ్ళి తండ్రి చేయి పట్టుకొని, “బాపు, లోపలికి రా, కాళ్ళు కడుక్కో” అన్నది. తండ్రి లోపలికి వచ్చాక కొడుకు వెళ్ళిపోలేడు గదా! అట్లా ఇద్దరూ ఒకే కప్పు కిందికి వచ్చారు.

ఆ సాయంత్రమే మా పిల్లల బంతి కుట్టు ఊడింది. నాలుగు వేళ్ళు దూరేంత సందు పడి, లోపలి బ్లాడరు బుడగవలె బయటికి వచ్చింది. శనివారము సాయంత్రము పక్క వాడకట్టు పిల్లలతో మావాళ్ళకు పందెము ఉంది. వాళ్ళు ఆదివారము ఉదయము పెట్టుకుందామంటే, ఆరాధన ఉన్నదని మా పిల్లలే శనివారానికి ఒప్పించారు. సైకిలు దుకాణములో చూపిస్తే, “పంక్చరైతే ఏస్త గని, కుట్టు నాతోని కాదు. పారేసి కొత్తది కొనుండ్రి” అన్నాడట. పిల్లలు దిగాలు పడి వచ్చారు. మంచము మీద కూర్చున్న మామగారు చేయి చాచి, “ఇటు తేండ్రి, సూద్దాం” అన్నారు.

ఆయనకు చూపు మసక. బంతిని ఒళ్ళో పెట్టుకొని వేళ్ళతో తడిమి చూశారు. ముక్కలు లెక్క పెట్టారు. అయిదు మూలలవి పన్నెండు, ఆరు మూలలవి ఇరవై, మొత్తము ముప్పై రెండు. చాలా బంతులు ఇట్లాగే ముప్పై రెండు ముక్కలతో కుడతారు. మన దేశములో జలంధరు, మీరటు పట్టణాలు ఈ పనికి పేరుపడినవి. ఇదేదీ ఆయనకు తెలియదు. కాని అంచును గోటితో గీరి చూసి, “దీన్ని తిరగేసి లోపలి నుంచి కుట్టిండ్రు. ఆఖరి కుట్టు మాత్రం బయటి నుంచి ఏసిండ్రు. ఊడింది గదే” అన్నారు. నిజమే. చేతితో కుట్టే బంతిని లోపలి వైపు పైకి ఉంచి కుట్టి, తరువాత తిరగేస్తారు. బ్లాడరు పెట్టాక మిగిలిన కొద్దిపాటి అంచును బయటి నుండి ముడి కనబడకుండ మూస్తారు. జన్మలో ఫుట్‌బాల్ ముట్టని ముసలాయన వేళ్ళకు ఆ సంగతి ఒక్క నిమిషములో తెలిసింది.

ఆయన సంచిలో ఆరె ఎప్పుడూ ఉంటుంది. అది తీసేసరికి పెద్ద మనుమడు దగ్గరికి వచ్చి మెల్లగా, “తాతా, నువ్వు కుట్టకు. పోరగాళ్ళు సూస్తే నవ్వుతరు” అన్నాడు. పట్టణములో హాస్టలులో ఉండి చదివిన పిల్లవాడు. తాత తోలు పని చేసేవాడని తోటివారికి తెలియడము వానికి ఇష్టము లేదు. మామగారు తల ఎత్తకుండానే, “నవ్వనీ బిడ్డా. నవ్వినోడు ఈ బంతితోని ఆడకుంటె సరి” అన్నారు.

ప్రియులారా, ఇక్కడ ఒక మాట చెప్పకుండ ముందుకు పోలేము. 1891లో కాశ్మీరములోని శ్రీనగరులో టిండేల్ బిస్కో అనే మిషను పాఠశాల ప్రధానోపాధ్యాయుడు మొదటిసారి ఫుట్‌బాలును బడికి తెచ్చాడు. అది తోలుతో చేసినదని తెలియగానే అగ్రకులాల పిల్లలు ముట్టము పొమ్మన్నారు. ఆయన కర్ర చూపించి ఆడించాడు. కర్రతో నేర్పడము మనకు నచ్చకపోవచ్చు. కాని తోలును అంటరానిదన్న మనసే, తోలు పని చేసిన చేతులను కూడ అంటరానివన్నది. మన పెద్దలు ఆ మాట పడి బ్రతికారు. అపొస్తలుడైన పేతురు యొప్పేలో చాలా దినములు బస చేసినది ఎవరి ఇంట్లోనో గుర్తు చేసుకోండి. సీమోను అను చర్మకారుని ఇంట్లో. ఆ ఇంటి వాసన, ఆ ఇంటి పని పేతురుకు తెలియనివి కావు. తెలిసే అక్కడ ఉన్నాడు.

ఇంకొక సంగతి. సికిందరాబాదు దగ్గరి అమ్ముగూడలో 1936లో పుట్టిన తులసీదాస్ బలరాం 1956, 1960 ఒలింపిక్సులలో భారతదేశము తరఫున ఆడాడు. 1962 ఆసియా క్రీడలలో బంగారు పతకము గెలిచిన జట్టులోనూ ఉన్నాడు. చిన్నతనములో బూట్లు కొనే స్తోమత లేక, పాత పోలీసు బూట్ల తోలుతో చెప్పులు కుట్టే ఒకాయన చేత బూట్లు కుట్టించుకున్నాడని ఆయన గురించి చెబుతారు. బలరాం 2023లో కన్నుమూసినప్పుడు పత్రికలన్నీ ఆయన పేరు వ్రాసినవి. ఆ బూట్లు కుట్టిన మనిషి పేరు మాత్రము ఎవరికీ తెలియదు. మేము ఈ సంగతి మా పెద్ద అల్లునికి చెప్పాము. వాడు ఏమీ అనలేదు గాని, వెళ్ళి తాత దగ్గర కూర్చున్నాడు.

పని మొదలయ్యేసరికి చీకటి పడింది. ఇంతలో కరెంటు పోయింది. దారానికి మైనము పట్టించారు. బ్లాడరులో గాలి తీసి, ఆరె తగలకుండ దానిని పక్కకు నొక్కి పెట్టాలి. రెండు అంచులనూ దగ్గరికి లాగి పట్టాలి. పిల్లల చేతులకు ఆ బలము చాలదు. టార్చిలైటు పట్టేవారు ఒకరు, అంచులు పట్టేవారు ఒకరు కావాలి. మామగారు ఎవరినీ పేరు పెట్టి పిలువలేదు. “ఇద్దరూ ఇటు రాండ్రి” అన్నారు. అంతే. పెద్దవాడు వచ్చి అంచులు పట్టుకున్నాడు, చిన్నవాడు వచ్చి లైటు పట్టుకున్నాడు. మేము డాబా మెట్ల మీద నుండి చూస్తూ ఊరకున్నాము. చాలాసేపు ఆరె గుచ్చే చప్పుడు, దారము జారే చప్పుడు తప్ప మరేమీ లేదు. కొంతసేపటికి పెద్దవాడు తల ఎత్తకుండ, “కొద్దిగ కిందికి పట్టు, ఇటు నీడ పడుతంది” అన్నాడు. చిన్నవాడు, “గట్లనా?” అన్నాడు. “ఆఁ, గట్లనే.”

నాలుగేండ్ల తరువాత అన్నదమ్ముల మధ్య నడిచిన మాటలు ఇవి. వీటిలో క్షమాపణ లేదు, నీళ్ళ లెక్క లేదు. మా ఇల్లాలు మాత్రము వంటింట్లోకి వెళ్ళి కొంగుతో కళ్ళు తుడుచుకున్నది. వారిద్దరినీ కలపాలని మేము ఎన్నోసార్లు కూర్చోబెట్టి మాట్లాడాలని తలచి, ఒకరు వస్తే ఒకరు రాక విడిచిపెట్టిన పని అది. ఊడిన కుట్టు ఒకటి ఇద్దరి చేతులనూ ఒక చోటికి తెచ్చింది.

శనివారము సాయంత్రము ఆట. నిజమైన ఫుట్‌బాల్ మైదానము పొడవు కనీసము తొంభై మీటర్లు ఉండాలి, జట్టుకు పదకొండుగురు ఉండాలి. మా మడి అందులో సగము కూడ లేదు. జట్టుకు ఏడుగురు. రెండు వైపులా వెదురు కట్టెలు పాతి గోలు కట్టారు. సున్నము లేక బూడిదతో గీతలు గీశారు. వరి కొయ్యకాళ్ళు గుచ్చుకోకుండ పిల్లలే ఉదయము పారలతో చెక్కి శుభ్రము చేశారు. బూట్లు ఒక్కరికీ లేవు. 1948 లండన్ ఒలింపిక్సులో మన దేశపు ఆటగాళ్ళు చాలామంది వట్టి కాళ్ళతోనే ఫ్రాన్సు మీద ఆడి, ఒకటికి రెండు గోళ్ళ తేడాతో ఓడినా అందరి మెప్పు పొందారని చెబితే పిల్లలు సంతోషించారు. ఆ తరువాత మన జట్టుకు శిక్షణ ఇచ్చినవాడు హైదరాబాదువాడు, సయ్యద్ అబ్దుల్ రహీం. వృత్తికి బడి పంతులు. ఆయన శిక్షణలో మన జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానానికి చేరింది. 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2–1తో ఓడించి బంగారు పతకము తెచ్చింది. అప్పటికే ఆయన క్యాన్సరుతో బాధపడుతున్నారు. మరుసటి ఏడే కన్నుమూశారు. మన నేల మీద ఈ ఆట కొత్తది కాదు, మనము మరచిపోయినాము అంతే.

మా అమ్మాయి కూడ జట్టులో ఉంది. ఆడపిల్ల ఏమిటని ఒకరిద్దరు పెద్దలు గొణిగారు. నిజామాబాదు జిల్లా తండా నుండి వచ్చిన గుగులోత్ సౌమ్య భారతదేశము తరఫున ఫుట్‌బాల్ ఆడిందని చెబితే ఊరకున్నారు. విజిలు మా చేతిలో ఉన్నది. మామగారికి గోలు పక్కన మంచము వేశారు. కొడుకులిద్దరూ ఆ మంచానికి చెరొక పక్క నిలబడ్డారు. కూర్చోవడానికి మాత్రము ఒప్పుకోలేదు.

పెద్ద బావ కొడుకు ముందు వరుసలో ఆడుతున్నాడు. చిన్న బామ్మర్ది కొడుకు గోలు కాస్తున్నాడు. ఆట సమముగా నడిచింది. రెండు, రెండు. బంతి కుట్టు ఎక్కడా కదలలేదు. ఇక అయిదు నిమిషములు ఉన్నదనగా అవతలి పిల్లవాడు దూరము నుండి కొట్టిన బంతి చిన్నవాని చేతుల నుండి జారి గోలులో పడింది. పెద్దవాడు పరుగెత్తుకొచ్చి తమ్ముని మీద అరిచాడు: “మీకు బోరు పడది, బాలు ఆగది!”

మడి అంతా నిశ్శబ్దమైంది. చిన్నవాడు బంతి తీయడానికి వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. ఆ మాట పదహారేండ్ల పిల్లవాడు తనంతట తాను అల్లినది కాదు. ఏ రాత్రి అన్నము దగ్గరనో, ఏ పొలము గట్టు మీదనో పెద్దవారు నవ్వుతూ అన్న మాట. పిల్లవాడు దానిని జేబులో రాయివలె దాచుకున్నాడు. సమయము రాగానే విసిరాడు. చిన్న బామ్మర్ది ముఖము నల్లబడింది. విజిలు నోట పెట్టుకొని కూడ మేము ఊదలేకపోయాము.

ముందుగా కదిలినవాడు మా పెద్ద బావ. గీత దాటి లోపలికి నడిచాడు. కొడుకును కొడతాడేమోనని అందరూ అనుకున్నారు. కొడుకును దాటి పోయి, గోలు దగ్గర వంగి ఉన్న తమ్ముని కొడుకు ముందు గొంతు కూర్చున్నాడు. “బిడ్డా, వాడు ఆ మాట ఇంట్ల నేర్చిండు. నా నోటి నుంచి ఇన్నడు. నీ తప్పేం లేదు” అన్నాడు. కొంతసేపు ఆగి, వెనుకకు తిరగకుండానే, “తమ్మీ, గిన్ని నీళ్ళు తేరా” అన్నాడు.

నీళ్ళ కోసము తెగిపోయిన ఇంట్లో అన్న తమ్ముణ్ణి నీళ్ళు అడిగాడు. తమ్ముడు ఒక నిమిషము నిలబడ్డాడు. తరువాత కుండ దగ్గరికి వెళ్ళి చెంబు ముంచి తెచ్చి ఇచ్చాడు. అన్న సగము త్రాగి, మిగిలినవి పిల్లవానికి ఇచ్చాడు. మేము విజిలు ఊదాము. మిగిలిన నిమిషములు ఆడారు. మావాళ్ళు 3–2తో ఓడిపోయారు.

చదివేవారు ఇక్కడితో అన్నీ చక్కబడినవని అనుకోవద్దు. సోమవారము మిర్చి అమ్ముడుపోయింది గాని, ఆశించిన ధర రాలేదు. తమ్ముని అప్పు అట్లాగే ఉంది. భూమి కొలతల గురించి ఇద్దరికీ ఉన్న పట్టు ఇప్పటికీ పూర్తిగా వదలలేదు. అయితే తరువాతి పంటకు అన్న వారానికి రెండు రాత్రులు బోరు తమ్ముని తోటకు విడిచిపెట్టాడు. కాగితము వ్రాసుకోలేదు, పెద్దమనుషులను పిలువలేదు. మామగారి కంటి ఆపరేషన్ ఖర్చు ఇద్దరూ చెరి సగము పెట్టుకున్నారు. పిల్లలిద్దరూ ఆ మూడవ గోలు ఎవరి తప్పో ఇప్పటికీ తేల్చుకోలేదు. ఆ కొట్లాట మాత్రము ఎంత కాలము సాగినా మాకు అభ్యంతరము లేదు.

ఆదికాండములో ఇస్సాకు కథ మీకు తెలిసినదే. త్రవ్విన బావి కొరకు గెరారు కాపరులు జగడమాడినప్పుడల్లా ఆయన ముందుకు జరిగి మరొకటి త్రవ్వించాడు. మొదటి రెండు బావులకు ఏశెకు, శిత్నా అని జగడమును, విరోధమును తెలిపే పేర్లు పెట్టాడు. మూడవదాని దగ్గర జగడము లేకపోగా రహెబోతు అన్నాడు. ఎడము దొరికినదని దాని భావము. మన కాలములో ఇస్సాకువలె జరుగుతూ పోవడానికి భూమి లేదు. రెండెకరాలవాడు ఎక్కడికి జరుగుతాడు? అందుచేత మన రహెబోతును ఉన్న గట్ల మధ్యనే, ఉన్న ఒక్క బోరు దగ్గరనే వెదుకుకోవాలి.

కాబట్టి ఈ ఎండాకాలములో కుటుంబములు నాలుగు సంగతులు ఆలోచించవలెనని కోరుతున్నాము.

మొదటిది, పెండ్లికి, చావుకు మాత్రమే కలిసే చుట్టరికము సరిపోదు. పెండ్లిలో పెట్టుపోతల లెక్క ఉంటుంది, చావులో పంపకాల లెక్క ఉంటుంది. ఏ లెక్కా లేని రోజున, పని మధ్యన, ఆట మధ్యన కలవాలి. సెలవులలో అన్నదమ్ముల పిల్లలను నాలుగు రోజులు ఒక ఇంట్లో ఉండనీయండి. పెద్దలకు మాటలు లేకపోయినా పిల్లల దారి మూయకండి.

రెండవది, అన్నము దగ్గర మనము అనే మాటలు పిల్లలు దాచుకుంటారు. బంధువుల మీద మన కోపము మనది. దానిని ఆస్తివలె పిల్లలకు వ్రాసి ఇవ్వకూడదు.

మూడవది, ఇంట్లోని ముసలివారి చేతిపనిని పిల్లల ముందుకు తీసుకురండి. మగ్గము నేసిన చేయి, కుండ చేసిన చేయి, తోలు కుట్టిన చేయి, ఏదైనా సరే. ఆ పని ఈనాడు కూడు పెట్టకపోవచ్చు. కాని తాత చేతికి ఏమి తెలుసో చూసిన పిల్లవాడు తాత పేరు చెప్పుకోవడానికి సిగ్గుపడడు.

నాలుగవది, ఆటను సమయము పాడుచేసే పనిగా చూడకండి. యెరూషలేము బాగుపడిన దినమును జెకర్యా ప్రవక్త వర్ణించినప్పుడు, చేతికర్ర పట్టుకొని కూర్చున్న వృద్ధులను, వీధులలో ఆడుకొనే మగపిల్లలను, ఆడపిల్లలను కలిపి చూపించాడు. ముసలివారు కూర్చొని చూస్తుండగా పిల్లలు ఆడుకొనే ఊరు దేవుని దృష్టిలో బాగుపడిన ఊరు. ఎండ తగ్గినాక, చదువు అయినాక, ఆరాధనకు అడ్డము రాకుండ గంటసేపు వారిని ఆడనీయండి. వీలైతే మీరు కూడ మంచము వేసుకొని కూర్చోండి.

ముప్పై రెండు ముక్కలలో ఏదీ గుండ్రని ముక్క కాదు. విడిగా పెడితే మూలలే కనబడతాయి. కుట్టితే బంతి అవుతుంది. మా బంతి ఆ తరువాత రెండు ఎండాకాలములు ఆడింది. మామగారు వేసిన కుట్టు మాత్రము విడువలేదు. పోతూ ఆయన పిల్లలకు ఒక్క సంగతి చెప్పి పోయారు. బంతి ఆడి లోపల పెట్టేటప్పుడు ప్రతిసారీ అంచుల మీద వేలు నడిపి చూడాలట. ఒక్క పోగు తెగినప్పుడే సూది పట్టుకుంటే పని చిన్నది, పది పోగులు తెగేదాకా ఆడితే పని పెద్దది. మీ గృహములలో కూడ ఆ విధముగా వేలు నడిపి చూసుకొనే కృపను ప్రభువు మీకు దయచేయును గాక.